గొంతుదాకా నిండిన క్యాను

ఫోనక్క తెచ్చిన క్యానును కాటా ఎక్కనివ్వలేదు.

పాల కేంద్రం గుమ్మం ముందు సోడా నీళ్ల తొట్టి పెట్టి, వచ్చినవాళ్లందరి చేతా చెప్పులు అందులో ముంచిస్తున్న పశువుల ఆసుపత్రి కాంపౌండరమ్మ తలెత్తి చూసింది. ఫోనక్క అడిగినట్టే చెప్పులు ముంచింది. అడగకుండానే క్యాను అడుగు కూడా ముంచింది. బుద్ధిగా వరుసలో నిలబడింది. తన వంతు వచ్చేసరికి గుమాస్తా కాటా మీద అరచెయ్యి పరిచిపెట్టాడు. లోపల కుర్చీలో ఉన్న ప్రెసిడెంటు వైపు చూశాడు, అంతే.

"డాక్టరుగారు వచ్చి చూసి వెళ్లారు కదా. పుళ్లు మానాయి, పాలు పోసుకోవచ్చన్నారు," అంది ఫోనక్క.

"డాక్టరుగారు పశువుల సంగతి చెప్తారు. కేంద్రం సంగతి కేంద్రం చూసుకుంటుంది," అన్నాడు ప్రెసిడెంటు. "అందరి పశువులకీ గాలికుంటు జబ్బు అంటించిన కొట్టం నీది. రేపు సభ్యుల మీటింగుంది. నీ పేరు ఉంచాలో తీసెయ్యాలో అక్కడ తేలుతుంది. అందాకా పాలు నువ్వే తాగు."

"నా కొట్టమే అని ఎవరన్నారు?"

"మేమెందుకంటాం? కంప్యూటరే అంటోంది. జబ్బుకు పెట్టిన మొదటి ఎర్ర చుక్క నీ ఇంటి మీదే ఉంది. కావాలంటే అదుగో, కాంపౌండరమ్మనడుగు. పెట్టింది ఆవిడే."

వరుసలో ఉన్నవాళ్లంతా కాంపౌండరమ్మ వైపు తిరిగారు. ఆమె తొట్టిలో సోడా కలుపుతున్న కర్రను అనవసరంగా ఇంకో నాలుగుసార్లు తిప్పింది. చుక్క పెట్టింది తనే. అందులో అబద్ధం లేదు. నిజం చెప్పి కూడా సిగ్గుపడాల్సి రావడం ఆమెకిదే మొదటిసారి.

ఫోనక్క క్యాను ఎత్తుకుని వెనక్కి వచ్చింది. తొట్టి దగ్గర ఆగి, వెళ్లేటప్పుడు కూడా చెప్పులు ముంచింది. అలా ముంచాలని గుర్తుపెట్టుకున్న మనిషి మొత్తం వరుసలో ఆవిడొక్కతే.

"ఫోన్ చెయ్యడమే తప్పయిందా కాంపౌండరమ్మా?" అంది మెల్లగా.

ఫోనక్క అన్న పేరు ఆవిడకి ఊరికే రాలేదు. ఆవు ఆవులిస్తే ఫోను, దూడ తుమ్మితే ఫోను, గేదె పడమటి వైపు తిరిగి పడుకుంటే ఫోను. ఆసుపత్రి సెల్‌ఫోను మోగిందంటే ఎత్తకముందే "ఆఁ, చెప్పు అక్కా" అని నవ్వుకోవడం డాక్టరుగారికీ కాంపౌండరమ్మకీ అలవాటైపోయింది. గాలికుంటు వచ్చిన పొద్దు కూడా ఆవిడే చేసింది. "కొత్త ఆవు చొంగ కారుస్తోంది, నాలుక మీద పొక్కులున్నాయి, కాలు కింద పెట్టట్లేదు, రండి" అంది. ఆ మాట అన్న మొదటి మనిషి ఆవిడే. తర్వాత ఒక్కొక్క కొట్టంలోనూ బయటపడింది. టీకాల పుణ్యమా అని పెద్ద పశువులు నిలబడ్డాయి గానీ పాలు తాగే దూడలు కొన్ని పోయాయి. పోయినవాటిలో ప్రెసిడెంటు గారి నల్లమచ్చల దూడ ఒకటి. ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని ఏడవడం కాంపౌండరమ్మ కళ్లారా చూసింది. అందుకే ఆయన మీద కోపం తెచ్చుకోవడం కూడా ఆమెకు పూర్తిగా చేతకాలేదు.

"తప్పు కాదక్కా," అంది.

"మరి తప్పు కానిదానికి క్యాను ఎందుకు వెనక్కి మోసుకుపోతున్నానమ్మా?"

ఫోనక్క వెళ్లిపోయింది.

*

రిటైర్మెంటు దగ్గరపడ్డవాళ్లు కొత్త యంత్రాన్ని చూసి చిరాకు పడతారనీ, వయసులో ఉన్నవాళ్లు ఎగబడతారనీ అనుకుంటాం. ఈ పశువుల ఆసుపత్రిలో అంతా తలకిందులు. ట్యాబు వచ్చిన రోజు నుంచీ డాక్టరుగారు దాన్ని చంటిపిల్లలా చూసుకుంటున్నారు. జేబురుమాలుతో తుడుస్తారు, ఎండ తగలకుండా పెడతారు, మధ్యాహ్నం భోజనం దగ్గర కూడా పక్కనే ఉండాలి. కాంపౌండరమ్మకు దాని పొడ గిట్టదు. "ఆ పలక" అంటుంది. చెయ్యి తడిగా ఉంటే అది మాట వినదు. పశువుల దగ్గర పనిచేసే మనిషి చెయ్యి పొడిగా ఎప్పుడుంటుంది? ఒక చేత్తో ఆవు చెవి పట్టుకుని, పసుపు పోగు మీది నంబరు ట్యాబుకు చూపించి, ఏ జబ్బు, ఏ మందు, ఏ టీకా అన్నీ నొక్కి, చివర బొటనవేలు చీర కొంగుకు తుడుచుకుని 'భద్రపరచు' అన్నచోట నొక్కేసరికి ఆవు ఆమె కాలు తొక్కేది. ఇంత యాతనా పడి పంపిన సమాచారం ఎక్కడికి పోతోందో ఆమెకు ఏనాడూ అర్థం కాలేదు. నూతిలో రాళ్లు వేస్తున్నట్టే ఉండేది.

ఆ మధ్యాహ్నం డాక్టరుగారు ఆమెను కేకేసి పిలిచారు. గొంతులో ఏదో తేడా ఉంది. సిరంజీలు మరగబెడుతున్న గిన్నె దించేసి వెళ్లింది.

"కూర్చోండమ్మా. ఊరికే చూడండి. ఏమీ అడక్కండి," అన్నారాయన.

పెద్ద తెర మీద మ్యాపు ఉంది. కాలువ, రోడ్డు, పొలాల గట్లు. వాటి మీద చుక్కలు, చల్లిన బియ్యపు గింజల్లా. ఒక్కో చుక్కా ఒక్కో కొట్టం. కొన్నింటిని ఆమె వెంటనే గుర్తుపట్టింది. కాలువ మలుపులో ఉన్నది ప్రెసిడెంటు గారిది. రోడ్డుకు ఇవతల ఎర్రగా ఉన్నది ఫోనక్కది. దానికి ఎదురుగా, రోడ్డుకు అవతల ఉన్నది తమది.

"పాల కేంద్రం కాటాకు తీగ ఉంది చూశారా, ప్రతి క్యాను తూకమూ వెన్న శాతమూ దానంతటదే వాళ్ల కంప్యూటర్లోకి పోతుంది. ఇన్నాళ్లూ ఆ లెక్క వాళ్ల గదిలోనే పడి ఉంది. గుమాస్తాని బతిమాలి తెప్పించాను. మీరు రాసినవాటితో కలిపాను. ఇప్పుడు చూడండి."

తెర అడుగున ఉన్న గీత మీద వేలు పెట్టి ఆయన మెల్లగా జరిపారు. చుక్కలు కదలలేదు గానీ వెలుగు కదిలింది. పాలు బాగా ఇచ్చిన పూట చుక్క వెలుగుతోంది, తగ్గిన పూట మసకబారుతోంది. పొద్దున, సాయంత్రం, మళ్లీ పొద్దున. వందల కొట్టాలు వెలుగుతూ, తగ్గుతూ, వెలుగుతూ పోయాయి. పడుకున్న ఆవు డొక్క ఎగిసి దిగినట్టు, మొత్తం మ్యాపు ఊపిరి తీస్తోంది.

కాంపౌండరమ్మకు ఒళ్లు ఝల్లుమంది. ఆ వెలుగులో తన రాతలు కూడా ఉన్నాయి. టీకా వేసిన చోటల్లా సన్నటి ఆకుపచ్చ గీత. దూడ పుట్టిన చోట తెల్ల గుర్తు. వానలో గొడుగు మెడకింద ఇరికించుకుని నొక్కినవి, విసుక్కుంటూ నొక్కినవి, ఆవు కాలు తొక్కగా తిట్టుకుంటూ నొక్కినవి, ఏ ఒక్కటీ పోలేదు. అన్నీ ఇక్కడికే వచ్చి, ఒకదాని పక్కన ఒకటి సర్దుకుని, ఆమె కోసం ఎదురు చూస్తున్నట్టు ఉన్నాయి. ఆమె కళ్లు చెమ్మగిల్లాయి. అందుకు సిగ్గేసి ముక్కు తుడుచుకుంది.

"ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ పశువుల్ని చూస్తున్నాను," అన్నారు డాక్టరుగారు. "ఒకటి, తర్వాత ఇంకొకటి. మందని మాత్రం ఇవాళే చూశాను. ఇవి రోజూ రెండు పూటలా మనకు కబురు చెప్తూనే ఉన్నాయమ్మా. వినే చెవి మనకు లేకపోయింది."

గిన్నెలో నీళ్లు చల్లారిపోయాయి.

"దీనితో ఫోనక్క గొడవ తేలుతుందా అండీ?" అని అడిగింది చివరికి.

"అందుకే మొదలుపెట్టాను. ఆ ఎర్ర చుక్క ఆవిడ ముందు చెప్పిందని చూపిస్తుంది. ఆవిడకి ముందు వచ్చిందని కాదు. ఎవరికి ముందు వచ్చిందో మనుషుల్ని అడిగితే చెప్పరు. పశువునడగాలి. గాలికుంటు తగిలిన ఆవు నోట్లో పొక్కులు లేచేలోపే పాలు తగ్గిస్తుంది. కాబట్టి ఫోనక్క ఫోన్ చెయ్యకముందే ఎవరింట్లో పాలు తగ్గాయో చూడాలి."

ఆయన గీతను వెనక్కి లాగారు. ఫోనక్క చుక్క మసకబారిన పూట దాటి, ఇంకా వెనక్కి. చుట్టూ చుక్కలన్నీ నిక్షేపంగా వెలుగుతున్నాయి. ఒక్కటీ తగ్గలేదు. డాక్టరుగారి ముఖం వాడిపోయింది.

"లేదు. మరి ఆవిడదే ముందేమో. రేపు మీటింగులో ఏం చెప్పను?" అని కళ్లద్దాలు తీశారు. మళ్లీ పెట్టుకుని, "ఒక్కటి మాత్రం వింతగా ఉంది. తగ్గడం కాదు, పెరగడం. ఆ రోజుల్లోనే ఒక ఇంటి ఆవు పాలల్లో వెన్న శాతం అమాంతం పెరిగింది. కంప్యూటరు మెచ్చుకుని ఆకుపచ్చ బాణం కూడా వేసింది. ఎవరిదో చూశారా? మీదే! మీ అత్తగారి చెయ్యి అలాంటిది. ఏం మేత వేస్తున్నారో అడిగి రండి," అని నవ్వారు.

కాంపౌండరమ్మ ముందుకు వంగి ఆ బాణం కింద తేదీ చూసింది.

ఆమె కళ్ల ముందు తెర లేదు. ఆ రోజుల్లో ఒక పొద్దు ఉంది. తను గుమ్మంలో కూర్చుని రబ్బరు బూట్లు కనపడక, కొట్టంలో తిరిగిన చెప్పులే వేసుకుంటోంది. అత్తగారు ఆవు పాల క్యాను దగ్గర వంగి, గేదె పాల గిన్నె ఎత్తి అందులో వంచుతోంది. తను చూసింది. ఎందుకని అడగలేదు. పొద్దెక్కిపోతోంది, వెళ్లాల్సిన ఇళ్లున్నాయి. ఆ పొద్దు మొదట వెళ్లాల్సిన ఇల్లు ఏదో కూడా తెర మీద ఉంది. ఆకుపచ్చ బాణం పుట్టిన పొద్దే, రోడ్డుకు ఇవతల, ఫోనక్క కొట్టం మీద చిన్న గుర్తు. కొత్త ఆవు చెవికి పోగు వేయడం. వేసింది, రాసింది, తనే.

డాక్టరుగారు కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు. ఆమె లేచి, సిరంజీల గిన్నె మళ్లీ పొయ్యి మీద పెట్టింది.

*

ఇంటికి వచ్చి కాళ్లు కూడా కడుక్కోకుండా కొట్టంలోకి వెళ్లింది. భర్త లారీ మీద వెళ్లి ఇంకా రాలేదు. అత్తగారు గేదెలకు మేత వేస్తోంది. ఆవు గాటి దగ్గర నిలబడి నింపాదిగా నెమరు వేస్తోంది.

కాంపౌండరమ్మ ఎడమచేత్తో దాని ముక్కు పట్టుకుని, కుడిచెయ్యి దవడ పక్కనుంచి పోనిచ్చి, నాలుక బయటికి లాగింది. ఎన్నో ఇళ్లలో ఎన్నో నోళ్లు తెరిచిన చెయ్యి అది. ఇంట్లో ఉన్న నోరు మాత్రం తెరవలేదు. నాలుక అంచున, పై చిగురు మీద పాలిపోయిన మచ్చలున్నాయి. మానిపోయిన పుళ్లు. ఆమె కూర్చుని ముందు కాలు ఎత్తి, గిట్టకు అంటిన పేడ బొటనవేలితో తుడిచింది. గిట్టకూ చర్మానికీ మధ్య మొదలైన చీలిక సన్నటి గీతయి కాస్త కిందికి దిగింది. గోటికి దెబ్బ తగిలితే ఆ మచ్చ గోరుతోపాటు పైకి జరిగినట్టు, గిట్ట పెరిగినకొద్దీ ఆ గీత కిందికి జరుగుతుంది. ఎంత దిగిందో చూస్తే జబ్బు ఎప్పుడు తగిలిందో చెప్పొచ్చు. ఫోనక్క ఆవు గిట్ట మీద గీత ఆమెకు బాగా గుర్తు. ఇది దానికంటే కిందికి దిగి ఉంది.

గిట్టను అలాగే ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది. మనుషులు దాచారు. కాటాను ఏమార్చారు. ఈ నోరులేని జీవి మాత్రం తేదీ వేసి కాలి మీద రాసుకుని తిరుగుతోంది. ఎవరైనా కాలెత్తి చూస్తే చాలు. ఆమెకు భయమూ ఆశ్చర్యమూ ఒకేసారి కలిగాయి. ఏది ముందో చెప్పలేకపోయింది.

"ఎందుకే దాని కాళ్లు పట్టుకున్నావు? తప్పేం చేశావ్?" అంది అత్తగారు వెనకనుంచి.

"అత్తయ్యా, దీనికి ఒంట్లో బాగాలేనప్పుడు నాకెందుకు చెప్పలేదు?"

మేత తట్ట నేల మీద పెట్టిన చప్పుడయింది.

"రెండు పూటలు మేత ముట్టలేదు. కాస్త కుంటింది. నోట్లో ఉప్పు రాశాను, తగ్గిపోయింది. నీకు చెబితే ఇట్టే ఆ పలకలో ఎక్కించేస్తావు. ఇంటి గుట్టు ఊరి గోడకి అంటించినట్టు."

"పాలు తగ్గాయి కదా?"

"సగమయ్యాయి. ఇప్పటికీ ముందులా ఇవ్వట్లేదు."

"మరి క్యాను నిండుగానే పోతోంది."

అత్తగారు నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఈ ఇంట్లో కాపురానికి వచ్చినప్పటి నుంచి గొంతుదాకా నిండని క్యాను గడప దాటించలేదు నేను. మా అత్త నేర్పింది. సగం క్యాను చేత్తో పట్టుకుని వీధిలో నడిస్తే ఎవరికేం జవాబు చెప్పుకోవాలి? వెలితి పడిందని గేదె పాలు పోశాను. నీళ్లు పోశానా? చిక్కటి పాలు పోశాను! అదీ దొంగతనమేనా?"

కాంపౌండరమ్మకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎక్కడైనా పాలల్లో కల్తీ అంటే పలచన చెయ్యడం. చిక్కన చేసి దొరికిపోయింది తన అత్తగారొక్కతే.

"ఫోనక్క పేరు రేపు కేంద్రంలో కొట్టేస్తారత్తయ్యా. ఆవిడ కొట్టం నుంచే జబ్బు పుట్టిందని. ఆవిడకి ఆ పాలే ఆధారం. ఇక్కడ తగిలాకే అక్కడికి పోయింది. చేరేసింది ఎవరో కాదు. కొట్టంలో తిరిగిన చెప్పులతో నేరుగా వెళ్లి ఆ కొత్త ఆవు పక్కన నిలబడ్డాను, నేనే."

గేదె తోక ఊపి అత్తగారి వీపు మీద కొట్టింది. ఆమెకది తెలిసినట్టే లేదు.

"రాస్తావా?" అంది.

"రాయాలి కదా."

"రాస్తే రేపు మన క్యానుని కూడా గుమ్మంలోనే ఆపేస్తారు."

"ఆపేస్తారు."

"నీ ఉద్యోగమో?"

"తెలీదత్తయ్యా."

అత్తగారు తట్ట ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం ఇద్దరూ తలో మూలా తిన్నారు.

పొద్దున్నే, పాలు పిండకముందు, కాంపౌండరమ్మ ట్యాబు తీసుకుని కొట్టంలోకి వెళ్లింది. ఆవు చెవి పట్టుకుంది. ఇంటి ఆవు కాబట్టి చెవి విదిలించలేదు. పోగు నంబరు చూపింది. జబ్బు పేరు నొక్కింది. 'మొదట కనిపించినది' అన్నచోట గిట్ట చెప్పిన రోజే వేసింది. బొటనవేలు తడిగా లేకపోయినా కొంగుకు తుడుచుకుంది. నొక్కింది. అత్తగారు పాలగిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి చూసింది. అడ్డు పడలేదు, అవునూ అనలేదు.

*

పాల కేంద్రం హాల్లో కాటా ఒక పక్క, సభ్యులు ఒక పక్క. పాలు పోసినవాళ్లు పోసినట్టే క్యాన్లు కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చున్నారు. ఫోనక్క మాత్రం నిండు క్యానుతో గుమ్మం పక్కన నిలబడి ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు.

గోడ మీద టీవీ ఉంది. మామూలుగా దాని మీద కాటా తూకాలు కనిపిస్తాయి. డాక్టరుగారు దానికి ట్యాబు తగిలించారు. మ్యాపు రాగానే హాలంతా గుసగుసలు ఆగిపోయాయి. ఆయన గీతను జరిపారు. చుక్కలు ఊపిరి తీశాయి. కాళ్లు చాపుకుని కూర్చున్న పెద్దాయన ఒకాయన మెల్లగా కాళ్లు ముడుచుకున్నాడు. "మా కొట్టం!" అంది ఒకావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. "మా నల్లది ఈనిన రోజు అదేనా, ఆ తెల్లగా మెరిసింది?" అదేనన్నారు డాక్టరుగారు. ఆవిడ కూతుర్ని చూసుకున్నట్టు తెర వైపు చూసింది.

"అంతా బాగానే ఉందండీ," అన్నాడు ప్రెసిడెంటు. ఆయన గొంతు కూడా కాస్త తగ్గింది. "మొదటి ఎర్ర చుక్క చూపించండి. ఓటు పెట్టేసుకుందాం."

డాక్టరుగారు వేలు వెనక్కి లాగారు. ఎర్ర చుక్కలు ఒక్కొక్కటే ఆరిపోతూ వచ్చాయి. ఫోనక్కది ఆరింది. అయినా ఒకటి మిగిలింది. రోడ్డుకు అవతల. ఆయన కళ్లద్దాల మీదుగా కాంపౌండరమ్మను చూశారు.

"ఇది నిన్న లేదు."

"పొద్దున పెట్టానండి."

"అది మీ ఇల్లు కదా?" అన్నాడు ప్రెసిడెంటు.

"మా ఇల్లే." నిలబడింది. "మా ఆవుకే ముందు తగిలింది. నేను చూసుకోలేదు. అదే చెప్పులతో ఫోనక్క ఇంటికి వెళ్లి కొత్త ఆవు చెవికి పోగు వేశాను. తర్వాత ఆ ఆవుకి వచ్చింది. అక్కా, మీ కొట్టంలోకి దాన్ని తెచ్చింది నేనే."

ఫోనక్క బిత్తరపోయింది. ఏం చెయ్యాలో తెలియనప్పుడు ఆవిడ మంచితనమే ముందుకొస్తుంది. "నువ్వేం ఊరికే వచ్చావామ్మా? రమ్మని ఫోన్ చేసింది నేనేగా," అంది.

ఎవరూ నవ్వలేదు.

"ఇదేదో ఆవిణ్ణి కాపాడ్డానికి చెప్తున్నట్టుంది," అన్నాడు గుమాస్తా. "వాళ్లింటి క్యాను ఏనాడూ తగ్గలేదండీ. రోజూ నేనే తూస్తాను. గొంతుదాకా ఉంటుంది. ఫ్యాటు కూడా అందరికంటే ఎక్కువ. కాటా అబద్ధం చెప్తుందా?"

అప్పుడు గుమ్మం దగ్గర తొట్టిలో నీళ్ల చప్పుడయింది. అత్తగారు చెప్పులు ముంచుతోంది. చేతిలో క్యాను ఉంది. అడుగులు వేస్తుంటే లోపల పాలు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. నిండు క్యాను చప్పుడు చెయ్యదు. ఆ హాల్లో ఉన్నవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. ఆవిడ వీధి పొడుగునా ఆ చప్పుడుతోనే నడిచి వచ్చింది.

ఎవరినీ పలకరించకుండా నేరుగా వెళ్లి క్యానును కాటా మీద పెట్టింది. మూత తీసి పక్కన పెట్టింది. గుమాస్తా లోపలికి తొంగిచూసి తల పక్కకి తిప్పుకున్నాడు.

"సగమే ఉంది," అంది అత్తగారు. "ఆవు ఇంతే ఇస్తోంది. ఇన్నాళ్లూ మీరు తూచింది, పై సగం గేదెది. కావాలంటే ఇప్పుడు ఫ్యాటు చూసుకో నాయనా. నా కోడలు అబద్ధమాడదు. ఆ పని ఇంట్లో నేను చూసుకుంటాను."

కాపురానికి వచ్చినప్పటి నుంచి అత్తగారి తల వీధిలో వంగడం కాంపౌండరమ్మ చూడలేదు. ఇప్పుడూ వంగలేదు. సగం క్యాను ముందు పెట్టుకుని, నిండు క్యాను తెచ్చినప్పటికంటే నిటారుగా నిలబడి ఉంది.

"మరి కంప్యూటరు తప్పు చెప్పినట్టేగా?" అన్నాడు ప్రెసిడెంటు.

"తప్పు చెప్పలేదండీ," అన్నారు డాక్టరుగారు. "ముందు ఎవరు చెప్పారో చూపించింది. ఎవరికి ముందు వచ్చిందో చూపించిందని మనమే అనుకున్నాం. ఇంకో మాట. వీళ్లింటికైనా గాలికొచ్చిందో, గడ్డి బండికొచ్చిందో ఎవరికీ తెలీదు. కానీ చెప్పినావిడ పేరు ఇవాళ కొట్టేశారనుకోండి, రేపటి నుంచి ఈ తెర మీద ఒక్క ఎర్ర చుక్క కూడా పడదు. ఎప్పుడు చూసినా వెలుగే ఉంటుంది. కొట్టాల్లో దూడలు మాత్రం పోతుంటాయి."

దూడల మాట రాగానే ప్రెసిడెంటు తల దించుకున్నాడు.

కాళ్లు ముడుచుకున్న పెద్దాయన దగ్గి గొంతు సవరించుకున్నాడు. "ఆ వారం... మా ఎర్రావు కూడా ఒక పూట చొంగ కార్చిందండీ. ముల్లు గుచ్చుకుందనుకున్నా. పాలు తగ్గాయని తెలిస్తే బాగుండదని దూడ తాగాల్సినవి కూడా పిండి పోశా." ఇంకొకావిడ, తమ పాలు తగ్గినన్నాళ్లూ చెల్లెలింటి పాలతో క్యాను నింపానంది. చెల్లెలు పక్కనే కూర్చుని, అవునని తలూపింది. గొంతుదాకా నింపే పట్టుదల తమ ఇంటిదొక్కటే అనుకుంది కాంపౌండరమ్మ ఇన్నాళ్లూ. అది వీధి వీధంతా ఉంది.

వాళ్లు చెబుతున్నారు. ఆమె నొక్కుతోంది. తెర మీద చుక్కలు ఎర్రబడుతున్నాయి. కాలువ వెంట ఒకటి, బాట మలుపులో ఇంకొకటి, గట్టు అవతల మరొకటి. జబ్బు ఎటునుంచి ఎటు నడిచిందో, ఏ కొట్టం దగ్గర ఆగిందో, టీకాల ఆకుపచ్చ గీతలు దట్టంగా ఉన్నచోట దారి దొరక్క ఎలా పక్కకి తిరిగిందో, అందరి కళ్ల ముందూ ఆ దారి కొంచెం కొంచెంగా తెరుచుకుంది. ఎవరి కొట్టం వాళ్లకు తెలుసు. ఎవరి దుఃఖం వాళ్లకు తెలుసు. అన్నీ కలిస్తే ఇంత పెద్దదని, అందులో తామంతా ఇంత దగ్గర దగ్గరగా ఉన్నామని ఆ హాల్లో ఎవరూ ఏనాడూ చూడలేదు. ఫోనక్క చుక్క ఇప్పుడు ఎక్కడో మధ్యలో ఉంది. వెతుక్కుంటే గానీ దొరకదు.

చివరగా ప్రెసిడెంటు లేచాడు. తెర దగ్గరికి వెళ్లి కాలువ మలుపులోని తన చుక్క మీద వేలు పెట్టాడు.

"మా దూడ పోకముందు... దాని తల్లి రెండు పూటలు మేత ముట్టలేదమ్మా. ఫోన్ చెయ్యమంది మా ఇంటావిడ. ప్రెసిడెంటు కొట్టంలోనే జబ్బంటే ఎలా అన్నాన్నేను. ఫోన్ చేసుంటే దూడ బతికేదేమో." ఆయన చుక్క మీంచి వేలు తియ్యలేదు. "రాయమ్మా."

కాంపౌండరమ్మ రాసింది. ఆయన వేలి కింద చుక్క ఎర్రబడింది.

ఓటు సంగతి ఎవరూ ఎత్తలేదు. గుమాస్తా వచ్చి ఫోనక్క చేతిలోంచి క్యాను అందుకుని కాటా మీద పెట్టాడు. తూకం టీవీ మీద పడింది. డాక్టరుగారు బాగయిందని రాసిచ్చిన కొట్టం కాబట్టి ఆ పాలు తీసుకున్నారు. అత్తగారి కొట్టం ఆయన ఇంకా చూడలేదు కాబట్టి, రూలు ప్రకారం ఆ సగం క్యాను వెనక్కి ఇచ్చారు. అత్తగారు మూత పెట్టుకుంది.

మెట్లు దిగుతుంటే కాంపౌండరమ్మ క్యాను అందుకోబోయింది. అప్పటికే ఫోనక్క తన ఖాళీ క్యాను చంకలో పెట్టుకుని, అత్తగారి క్యాను రెండో చెవి పట్టుకుంది. తొట్టి దగ్గర ఇద్దరూ ఆగి చెప్పులు ముంచారు. రోడ్డెక్కారు. మధ్యలో సగం క్యాను గలగల్లాడుతూ ఊగుతోంది.

నాలుగు అడుగులు వేశాక అత్తగారు ఆగి, బొడ్లో దోపుకున్న ఫోను తీసి ఫోనక్క చేతికిచ్చింది. కొడుకు మాట్లాడితే ఎత్తడానికి తప్ప ఆవిడ దాన్ని ఎన్నడూ వాడింది లేదు.

"ఆసుపత్రి నంబరు ఎక్కించు," అంది. "కోడలికి చెప్పుకోవాలంటే నామోషీ. ఇదయితే ఎవరెత్తుతారో తెలీదు కదా."

ఎత్తేది ఎవరో ఇద్దరికీ తెలుసు. ఫోనక్క నంబరు ఎక్కించి, సరిగ్గా పడిందో లేదో చూద్దామని ఒకసారి నొక్కింది. వెనక, పాల కేంద్రం మెట్ల మీద, కాంపౌండరమ్మ చేతిలో ఆసుపత్రి ఫోను మోగింది. అలవాటు కొద్దీ ఎత్తకముందే "ఆఁ, చెప్పు అక్కా" అనబోయి, తెర మీద పడిన నంబరు చూసి ఆగిపోయింది.

"చెప్పండి అత్తయ్యా," అంది.